ఏ ఎల్లుండి?

నిఘంటువు ఆఫీసు,
మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల,
మార్చి 6

అక్కా,

నీకు ఫోను చేస్తే వెనకాల అద్దాలు అరగదీసే మర చప్పుడు, ముందు "ఈ ఫ్రేము నాకు నప్పిందాండీ" అనే జనం. మన మాట మనకి వినపడాలంటే కాగితమే నయం. అందుకే మళ్ళీ ఉత్తరం.

ఒక మాట గురించి సలహా కావాలి. నవ్వకు. మా ఆఫీసు పదిహేనేళ్ళుగా ఇంగ్లీషు-తెలుగు పెద్ద నిఘంటువు చేస్తోందనీ, అందులో నేను పి అక్షరంలో పడి నాలుగేళ్ళుగా పైకి తేలలేదనీ నీకు తెలుసు. నిన్న సొరుగు అడుగున ఒక పాత చీటీ దొరికింది. అంచులు ముట్టుకుంటే విరుగుతున్నాయి. దాని మీద ఒకే ఒక్క క్రియ: పెరెండినేట్. అర్థం, ఎల్లుండికి వాయిదా వేయడం.

రేపటికి కాదక్కా, ఎల్లుండికి!

రేపటికి వాయిదా వేయడానికి ఇంగ్లీషులో ప్రొక్రాస్టినేట్ ఉంది, అది అందరికీ తెలిసిందే. అందులో దాక్కున్న 'క్రాస్' అంటే లాటిన్‌లో రేపు. ఇందులో దాక్కున్నది 'పెరెండియే'. అంటే ఎల్లుండి. చివర వినపడే 'డియే' రోజు. మనలాగే వాళ్ళకీ ఎల్లుండికి ఒక్క మాట ఉండేది, చూశావా? ఇంగ్లీషు వాళ్ళు తమకున్నదాన్ని ఎప్పుడో పారేసుకున్నారు. ఇప్పుడు 'రేపటి తర్వాతి రోజు' అని చుట్టూ తిరిగి రావాలి. ఎవరో చదువుకున్నాయన లాటిన్ నుంచి ఈ క్రియని ఎత్తుకొచ్చి మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటి నిఘంటువుల్లో కూర్చోబెట్టాడు. అది అక్కడే కూర్చుంది. బయటికొచ్చి నాలుగిళ్ళు తిరిగిన జాడ పెద్దగా లేదు.

పి అక్షరం లావెక్కిపోయింది, రెండు వందల మాటలు తీసేయమని మా ప్రధాన సంపాదకురాలు అంటోంది. ఎవరూ వాడని మాట గనక ముందు దీని మీదే వేటు పడాలి. కానీ కామాగారు వద్దంటున్నారు. కామాగారంటే మా ప్రూఫు రీడరు. చదివేవాడు ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో చెప్పే మనిషని ఆఫీసంతా కలిసి పెట్టిన పేరు. చీటీ చేతిలో పెట్టగానే కామాగారు కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి ఒకటే నవ్వడం. "ఇది తీసేస్తే మీ గురించి చెప్పడానికి ఇంగ్లీషులో మాటే మిగలదండీ" అన్నారు. అందులో అంత నవ్వేముందో నాకు తెలీదు. కామాగారు అలాగే అంటుంటారు. మొన్న టీ తాగుతూ కూడా కామాగారు... ఏం లేదులే, అది వేరే విషయం.

ఉంచనా, తీసేయనా? నువ్వు చెప్పు. నేను పొద్దున ఉంచి సాయంత్రం తీసేస్తున్నాను.

అన్నట్టు కామాగారి కళ్ళజోడు ఎడమ కాడ వదులైంది. దానికి ఏ సైజు మరమేకు పడుతుందో బావగారిని అడిగి రాస్తావా?

నీ చెల్లెలు

•

కళ్ళజోళ్ళ కొట్టు, వెనక గది,
మార్చి 15

ఏమే నిఘంటువూ,

నీ ఉత్తరం మీ బావ చేత చదివించుకుంటూ ఫ్రేములు తుడిచాను. ఆయన చదువుతుంటే వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఆ లాటిన్ మాట ఒక్కసారి వచ్చింది. కామాగారు ఆరుసార్లు వచ్చాడు. సలహా నీకు ఏ మాట గురించి కావాలో ముందు తేల్చుకో.

సరే, నువ్వడిగిన దానికి జవాబు: ఉంచు. ఎవరూ వాడలేదంటావేమిటి, మీ బావ పాతికేళ్ళుగా ఈ బల్ల వెనక నిలబడి చేస్తున్నది అదేగా! "కళ్ళజోడు ఎప్పుడిస్తారండీ?" "ఎల్లుండి." ఒక్కనాడూ రేపు అనడు. ఎందుకు అనవని కొత్తలో అడిగాను. "పిచ్చిదానా, రేపంటే రేపే వచ్చేస్తారు. రేపంటే మాటిచ్చినట్టు. ఎల్లుండంటే మర్యాదగా తప్పుకున్నట్టు" అన్నాడు. ఆయనకి లాటిన్ ఒక్క ముక్క రాదు. ఇదంతా నీ చీటీ మీద రాసుకో.

ఇప్పుడు నేనడుగుతున్నాను. 'మొన్న టీ తాగుతూ కూడా కామాగారు' తర్వాత ఆ చుక్కలేమిటి? నీకూ నాకూ మధ్య చుక్కలు ఎప్పటి నుంచి? నీ ఎనిమిదో తరగతి ప్రగతి పత్రం మీద నాన్న సంతకం నేను పెట్టినప్పుడు లేవే చుక్కలు!

మరమేకు సైజు రాయను. అలాంటివి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడాలి. మనిషినే పంపు.

అక్క

•

ఇంట్లో, వంటగది బల్ల,
మార్చి 24

అక్కా,

చెప్తాను. కానీ ఈ ఉత్తరం బావగారి చేత చదివించకు. ఆయన ముఖం చూడలేను తర్వాత.

ఈ నెల మూడో తారీఖు, మంగళవారం. రెండో అంతస్తు మెట్ల మలుపులో ఒక చెక్క బెంచీ ఉంటుంది, మా టీలన్నీ అక్కడే. కామాగారు సగం తాగిన గ్లాసు కింద పెట్టి, "మనం పెళ్ళి చేసుకుంటే ఎలా ఉంటుందంటారు?" అన్నారు. వానొచ్చేలా ఉందంటారా అన్నంత మామూలుగా. ఆయనకి యాభై ఒకటి. భార్య పోయి తొమ్మిదేళ్ళు, పిల్లల్లేరు. మనిషి మంచివారు. చదివేటప్పుడు పెదాలు కదుపుతారు. ఎవరైనా మాట్లాడుతుంటే చివరి మాట దాకా ఆగుతారు. అలాంటివాళ్ళు ఎంతమందున్నారు చెప్పు?

నేనేమన్నానో తెలుసా? "ఎల్లుండి చెప్తాను" అన్నాను.

గురువారం రెండు టీలు పట్టుకుని అదే బెంచీ మీద కూర్చున్నారు. అదే రోజు నాకు ఆ చీటీ దొరికింది. జవాబుకి బదులు చీటీ ఆయన చేతిలో పెట్టాను. అంత నవ్వెందుకు వచ్చిందో నాకు తెలీదని రాశాను చూడు, అది అబద్ధం. నవ్వాక ఆయన అడిగారు: "అయితే ఎల్లుండేనా?" ఎల్లుండే అన్నాను. అలా ఇప్పటికి ఎనిమిది ఎల్లుండ్లు.

ఇంకో ఊళ్ళో పాఠ్యపుస్తకాలు వేసే ప్రెస్సువాళ్ళు ఆయన్ని రమ్మంటున్నారు. జూన్ ముప్పై లోపల వాళ్ళకి మాట చెప్పాలి. నేను అవునంటే ఇక్కడే ఉంటారు. కాదంటే వెళ్తారు. ఏమీ అనకపోయినా వెళ్తారు.

కాదనడానికి కారణం ఒక్కటీ దొరకలేదక్కా, వెతికాను. అవుననడానికేమో ఆధారం చాలడం లేదు. మా ఆఫీసులో రూలొకటుంది, ఏ అర్థానికైనా మూడు చోట్ల ఆధారం దొరికితేనే దాన్ని నమ్ముతాం. మనసుకి మూడు ఆధారాలు ఎక్కడ తేను? నలభై ఆరేళ్ళొచ్చాయి. రెండు గదులు, ఒక కుర్చీ, అది కిటికీ వైపు తిరిగి ఉంటుంది. రెండో కుర్చీ వేస్తే నాది ఎటు తిప్పాలో కూడా నిన్నంతా ఆలోచించాను. ఇది ప్రేమో, ఒంటరితనానికి మంచి చొక్కా తొడిగానో ఎలా తెలుస్తుంది? నువ్వెలా తెలుసుకున్నావు?

ఆ మాట లాటిన్ సంగతి ఇంకా తవ్వాను, తవ్వుతుంటే ధైర్యంగా ఉంటుంది గనక. పాత రోము కోర్టుల్లో కొన్ని వ్యాజ్యాలకి ఒక పద్ధతి ఉండేదట. ఒకసారి విచారణ జరిగాక ఒక రోజు వదిలేసి, ఎల్లుండి మళ్ళీ కూర్చునేవాళ్ళు. దాని పేరులోనూ ఇదే ఎల్లుండి ఉంది. ఆ మధ్య రోజు ఎందుకో నాకు బాగా అర్థమవుతుంది. కాకపోతే వాళ్ళు నిజంగానే ఎల్లుండి కూర్చునేవాళ్ళు. నా మధ్య రోజుకి మూడు వారాలు నిండాయి.

తిట్టు, పరవాలేదు.

నీ చెల్లెలు

•

కొట్టు ముందు అరుగు, ఎండలో,
ఏప్రిల్ 19

చెల్లెమ్మా,

బావ చేత చదివించొద్దన్నావు గనక నీ ఉత్తరం పూర్తి చేయడానికి మూడు రోజులు పట్టింది. కొట్లో పని ఎక్కువగా ఉంది, అంతే.

తిట్టమన్నావు కదా, తిడతాను. ఆ పెద్దమనిషి చేతిలో టీ గ్లాసులు పట్టుకుని బెంచీ మీద కూర్చుంటే నువ్వు రోము వెళ్ళొచ్చావా? అవునను అనడం లేదు నేను. కాదనైనా అను. మనిషిని దండెం మీద చొక్కాలా వేలాడదీయకు.

నేనెలా తెలుసుకున్నానా? తెలుసుకోలేదు. కొత్త అద్దాలు బిగించి ఇస్తామా, మూడు రోజులు తల నొస్తుంది, నేల ఎత్తుపల్లాలుగా కనపడుతుంది. "ఇవి నాకు పడలేదండీ" అని వెనక్కి తెస్తారు. ఇంకో వారం పెట్టుకోండి అంటాం. వారం పోయాక అద్దాలున్న సంగతే మర్చిపోయి వాటితోనే ముఖం కడుక్కుంటారు. మీ బావ సంగతీ అంతే. పెట్టుకోకుండా బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చుంటే ఏం తెలుస్తుంది?

కుర్చీ ఎటు తిప్పాలో నేను చెప్తాను. రెండూ కిటికీ వైపే.

అక్క

•

నిఘంటువు ఆఫీసు,
మే 5

అక్కా,

ఈ ఉత్తరంలో కామాగారు లేరు. లెక్కపెట్టుకో.

పాత చీటీల మీద రాత చూసి అది ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, ఆ పూట వాళ్ళకి ఒంట్లో ఎలా ఉందో కూడా చెప్పగలను. నా ఉద్యోగమే అది. నువ్వు నా అక్కవి కాబట్టి ఇన్నాళ్ళూ చూడనట్టు చదివాను. నిన్న నీ ఉత్తరాలు మూడూ బల్ల మీద పరిచాను.

జనవరిలో రాసిన ఉత్తరంలో పేజీకి ఇరవై ఆరు వరసలు. మార్చిలో పంతొమ్మిది. మొన్నటి దాంట్లో పదకొండు. చివరి వరస గీత వదిలేసి అంచు దాకా ఎక్కిపోయింది. కవరు మీద చిరునామా నీది కాదు, బావగారి రాత. ఇది మొదటి ఆధారం. నా ఉత్తరం 'చదివించుకుని' విన్నావు. పదేళ్ళ వయసులో నా పేరుతో వచ్చిన పోస్టుకార్డు నాకంటే ముందు చించుకుని చదివినదానివి! రెండో ఆధారం. అదే ఉత్తరం నువ్వే చదవాల్సి వస్తే మూడు రోజులు పట్టింది, జవాబేమో అరుగు మీద ఎండలో కూర్చుని రాశావు. కొట్లో బోలెడన్ని దీపాలు పెట్టుకుని!

మూడు ఆధారాలక్కా. మా రూలు ప్రకారం నమ్మాల్సిందే.

నీ కళ్ళకేమైంది?

నీ చెల్లెలు

•

కొట్టు, వెనక గది,
మే 16

చెల్లీ,

నిన్ను చదివించడమే తప్పయింది.

రెండు కళ్ళలోనూ శుక్లాలు. కుడిది బాగా ముదిరింది. ఆపరేషన్ చేస్తే పోతుంది, భయం లేదు, పావుగంట పని అని డాక్టరు డిసెంబరులోనే చెప్పాడు. తారీఖు ఎప్పుడు వేయమంటారని అడిగాడు. ఎల్లుండి వచ్చి చెప్తానన్నాను. అవును, నవ్వు. నువ్వు ఎల్లుండికి లాటిన్ వెతికావు, నేను డాక్టరు వీధిలో నడవడమే మానేశాను.

సిగ్గే ముఖ్యం. అద్దాలమ్మేదానికే చూపు లేదట అంటే కొట్టు పరువేం కాను? పోయిన వారం ఒకాయన కళ్ళజోడు ఇంకొకాయనకిచ్చి పంపాను. మీ బావ వీధి చివరి దాకా పరిగెత్తి పట్టుకుంటే, "వద్దండీ, నాకు ఇంత బాగా ఎప్పుడూ కనపడలేదు" అని ఆయన ఇవ్వడే! అంతకు ముందు రోజు గుమ్మం దగ్గర నిలబెట్టిన అట్ట బొమ్మని "లోపలికి రండి, కూర్చోండి" అని పిలిచాను. బొమ్మ రాలేదు. మీ బావ లోపలికెళ్ళి నవ్వుకొని వచ్చాడు, నాకు వినపడదనుకున్నాడు. చెవులు బాగానే ఉన్నాయి.

ఇంకోటి కూడా ఉంది. అది నీకే చెప్తున్నాను. ఆపరేషన్ చేసేటప్పుడు కన్ను తెరిచే ఉంటుందట. పాతికేళ్ళు ఊళ్ళోవాళ్ళ కళ్ళలోకి చూశాను, నా కంట్లోకి ఇంకొకరు చూస్తారంటే భయమేస్తోంది.

సరే, బేరం. నువ్వు కామాగారికి జవాబు చెప్పు. చెప్పిన మర్నాడే నేను వెళ్ళి తారీఖు తీసుకుంటాను. విన్నావా, మర్నాడు. ఎల్లుండి కాదు.

అక్క

•

నిఘంటువు ఆఫీసు,
జూన్ 12

అక్కా,

బేరం కుదరదు. ముందు నువ్వు. నీ కంటితో నా పెళ్ళిని తూచకు. నాకు ఇంకో వంద అనుమానాలు పుడతాయి, ఇది అక్క కోసం చెప్పిన అవునా, నా కోసం చెప్పిందా అని. నువ్వు తారీఖు తీసుకో, తీసుకున్నాక నా దగ్గర సాకులుండవు.

ఇక్కడ సంగతి వినిపిస్తాను. ఆ మాట ఉంచేశాను. పేజీ ప్రూఫు కూడా వచ్చింది. మా పద్ధతి నీకు చెప్పాలి. ప్రూఫు రీడరుకి ఏదైనా సందేహం వస్తే పేజీ పక్కన పెన్సిలుతో అడుగుతారు. సంపాదకులు ఎర్ర సిరాతో జవాబు రాయాలి. జవాబు లేని ప్రశ్న ఒక్కటున్నా ఆ పేజీ అచ్చుకి వెళ్ళదు. ఎర్ర సిరాతో ఏం రాస్తే కంపోజిటరు అది అచ్చులో కూర్చేస్తాడు. అది కూర్చాల్సింది కాదు, మనలో మాట అయితే చుట్టూ సున్నా చుట్టాలి. నా పేజీలు చూస్తే నీకు నవ్వొస్తుంది, అన్నీ సున్నాలే. 'బహుశా', 'మళ్ళీ చూడాలి', 'నాకంత నమ్మకం లేదు'. మా కంపోజిటరు నన్ను సున్నాలమ్మగారు అంటాడు.

ఈ పేజీలో ఇలా ఉంది: 'పెరెండినేట్, క్రి. ఎల్లుండికి వాయిదా వేయు.' దాని పక్కన పెన్సిలుతో, చిన్నగా, గుండ్రంగా: 'ఏ ఎల్లుండి?'

ఆయన నన్ను నోటితో అడగడం ఏప్రిల్లోనే మానేశారు. టీ మాత్రం తెస్తారు, వాతావరణం గురించి మాట్లాడతారు. అడగడం మానేశారని నాకెంత దిగులేసిందో, అడిగారని చూడగానే అంత భయమేసింది. ఈలోగా మా ప్రధాన సంపాదకురాలు నా భుజం మీంచి ఆ పేజీ చూసింది. "మంచి ప్రశ్న. ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో స్పష్టంగా ఉండాలి. ఇరవై ఆరో తారీఖు శుక్రవారం లోపల తేల్చండి" అంది. ఆవిడ దేని గురించి అందో, దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదు.

ఇంకో అర్థం కూడా దొరికింది, నీకు పనికొస్తుంది. పాతకాలం లాటిన్‌లో ఈ మాటే, ఒకరింటికి అతిథిగా వెళ్ళి ఇవాళా రేపా అంటూ ఉండిపోవడానికి కూడా వాడారట. నువ్వు తారీఖు తీసుకుంటే వచ్చి అలా ఉంటాను.

నీ చెల్లెలు

•

కొట్టు, ముందు బల్ల,
జూన్ 20

చెల్లాయీ,

నేను చెప్తుంటే మీ బావ రాస్తున్నాడు. (రాస్తున్నాను. నమస్కారం మరదలా.) మధ్యలో సొంత కవిత్వం చేర్చకూడదని ఒప్పందం. (చేర్చను.)

తారీఖు తీసుకున్నాను. జూలై పదిహేడు, శుక్రవారం, పొద్దున తొమ్మిదిన్నర. కుడి కన్ను. (మెట్ల దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగింది. చెయ్యి పట్టుకుని ఎక్కించాను.) అది రాయమన్నానా నేను? చదవండి ఏం రాశారో. సరే, ఉండనీ.

నీ కోసం తీసుకోలేదు. నువ్వు ముందనీ నేను ముందనీ కూర్చుంటే ఇద్దరం ముసలివాళ్ళమైపోతాం అనిపించింది. (అయ్యాం.) డాక్టరు చాలా చిన్నవాడు. భయమేస్తోందని చెప్పేశాను. "భయమేస్తే చెప్పండి, మాట్లాడుతూ చేస్తాను" అన్నాడు. అంత చిన్న మాట కోసం ఆరు నెలలు వీధి మార్చి నడిచాను చూడు.

ఇక నీ దగ్గర సాకుల్లేవు. ఎర్ర పెన్ను తియ్యి.

అక్క (సంతకం తనదే. కాగితం దాటి బల్ల మీదకి కూడా వెళ్ళింది.)

•

ఇంట్లో, కిటికీ దగ్గర,
జూలై 2

అక్కా,

కూర్చుని విను. బావగారి చేత గట్టిగా చదివించుకో, ఈసారి అభ్యంతరం లేదు.

నీ ఉత్తరం గురువారం అందింది. శుక్రవారం ఇరవై ఆరు. పొద్దున పేజీ ముందు పెట్టుకున్నాను. అవతల బల్ల ఖాళీ. కామాగారు రెండు రోజులు సెలవు పెట్టారు. ఎక్కడికంటే, ఆ ఊళ్ళో అద్దెకి గది చూసుకోవడానికి వెళ్ళారట. కంపోజిటరు చెప్పాడు. టీ వేళకి అలవాటుకొద్దీ బెంచీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. రెండు గ్లాసులు పట్టుకుని ఎవరూ రాలేదు. ఆధారం, ఆధారం అని వెతుక్కున్నాను చూడు, అది ఆ ఖాళీ బెంచీ మీద కూర్చుని ఉంది. ఒక్కటే. ఒక్కటి చాలనిపించింది.

పైకొచ్చి పెన్ను తీశాను. 'ఏ ఎల్లుండి?' పక్కన రాశాను: 'ఎల్లుండి అక్కర్లేదు. అవును.' పేజీ ట్రేలో పడేసి, ఎవరో తరుముతున్నట్టు మెట్లు దిగి ఇంటికొచ్చేశాను.

శని, ఆదివారాలు ఎలా గడిచాయో అడక్కు. ఆయన సోమవారం వచ్చి ట్రేలో చూస్తారనుకున్నాను. సోమవారం ఆయన వచ్చారు, ట్రే ఖాళీగా ఉంది. గడువు పేజీ కదా, కంపోజిటరు శుక్రవారమే తీసుకెళ్ళిపోయాడు. మధ్యాహ్నం గుర్తొచ్చింది. చుట్టూ సున్నా చుట్టలేదు! నాలుగేళ్ళలో మొదటిసారి. తుమ్మినా చుట్టూ సున్నా చుట్టేదాన్ని, ఈ ఒక్కదానికే చుట్టలేదు.

మంగళవారం, ముప్పైన, రెండో ప్రూఫు వచ్చింది. ముందు ప్రధాన సంపాదకురాలి బల్ల మీదకి వెళ్ళింది. నల్లగా, చక్కగా, మిగతా మాటలతో సమానంగా కూర్చుని ఉంది: 'పెరెండినేట్, క్రి. ఎల్లుండికి వాయిదా వేయు. ఎల్లుండి అక్కర్లేదు. అవును.'

ఆవిడ చదివింది. నా వైపు చూసింది. ఆయన వైపు చూసింది. నీలం పెన్సిలు తీసి ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, లేచి వెళ్ళి పేజీ ఆయన ముందు పెట్టింది. "ఇది మీ శాఖకి సంబంధించింది అనుకుంటాను" అంది.

ఆయన పెదాలు కదుపుతూ చదివారు. ఒకసారి చదివి, మొదటి నుంచి మళ్ళీ చదివారు. ఆ రెండోసారి ఎంతసేపు పట్టిందో! తర్వాత ఆ పేజీ పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చారు.

"ఇది అచ్చుతప్పా, సంపాదకుల నిర్ణయమా?"

"సున్నా చుట్టడం మర్చిపోయానండీ."

"మీరా?"

"నేనే."

"మీరు మర్చిపోయారా!"

"అందుకే నిజమనుకుంటున్నాను" అన్నాను.

ఆయన జేబులోంచి ఒక కవరు తీశారు. ఆ ప్రెస్సుకి ఒప్పుకుంటూ రాసింది, సాయంత్రం పోస్టులో వేయాల్సింది. నా బల్ల మీదే రెండుగా చించి నా చెత్తబుట్టలో వేశారు. అప్పుడు పెన్సిలు తీసుకుని, నీలం గీత పడ్డ 'అవును' కింద నాలుగు చుక్కలు పెట్టారు. పక్కన 'స్టెట్' అని రాశారు. కొట్టేసినదాన్ని కొట్టేయకండి అని చెప్పడానికి ప్రూఫు చూసేవాళ్ళు రాసే మాట అది. అదీ లాటినే అక్కా. 'ఉండనివ్వండి' అని. నాలుగు నెలలుగా ఎల్లుండి అనే లాటిన్ మాట పట్టుకుని నేను వేళ్ళాడుతుంటే, రోజూ చేతిలో ఉన్న లాటిన్ మాటతో ఆయన పని కానిచ్చేశారు.

ప్రధాన సంపాదకురాలు అంది: "సంతోషం. కానీ అచ్చులో మాత్రం తీసేయాలి. పి అక్షరం ఇప్పటికే లావుగా ఉంది." తీసేశాం. మాట ఉంది, అర్థం ఉంది. ఆ ప్రూఫు పేజీ మాత్రం నేను దొంగిలించి ఇంటికి తెచ్చుకున్నాను.

అనుమానాలు పోలేదు. నిన్న రాత్రి కూడా రెండొచ్చాయి. కాకపోతే ఇప్పుడు వాటిని చెప్పుకోవడానికి చివరి మాట దాకా ఆగి వినే మనిషి దొరికాడు.

పదహారున వస్తున్నాను. కామాగారు కూడా ఒక పూట వస్తారు. కళ్ళజోడు కాడ ఇంకా వదులుగానే ఉంది.

నీ చెల్లెలు

•

కళ్ళజోళ్ళ కొట్టు, గుమ్మం దగ్గర కుర్చీ,
ఆగస్టు 11

చెల్లీ,

వరసలు లెక్కపెట్టుకో. పేజీకి ఇరవై ఎనిమిది. నువ్వు లెక్కపెడతావని తెలిసి ఇంకా కుదించి రాస్తున్నాను. కవరు మీద చిరునామా కూడా నాదే.

నువ్వు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. నాలుగు రోజులుంటానని వచ్చి, ఎల్లుండి వెళ్తా ఎల్లుండి వెళ్తా అంటూ పదకొండు రోజులున్నావు. ఆ పాత లాటిన్ వాళ్ళు ఊరికే అనలేదు.

కట్టు విప్పగానే ఏం కనపడిందని అడిగావు, అప్పుడు చెప్పలేదు. మొదట కనపడింది మీ బావ చొక్కా. అది ఊదా రంగు. ఏడాదిగా బూడిద రంగనుకుంటున్నాను. తర్వాత నీ ముఖం. చెవి పక్కన తెల్లవెంట్రుకలు. ఎప్పుడొచ్చాయే అవి? నా చెల్లెలికి వయసు రావడం కూడా నేను ఆలస్యంగా చూశాను కదా అనిపించింది. ఇంతలో తలుపు దగ్గర ఒక సన్నటి మనిషి, చేతిలో రెండు టీ గ్లాసులు. నన్ను చూసి, ఒకటి తక్కువైందని తెలుసుకుని, తన గ్లాసు నాకిచ్చేసి గోడకానుకుని నిలబడ్డాడు. నాకింకేం ఆధారం అక్కర్లేకపోయింది.

ఆయన కళ్ళజోడు కాడ మీ బావ ఆ రోజే బిగించాడు. ఎప్పుడిస్తారని ఆయన అడిగితే "ఇదిగో, ఇప్పుడే" అన్నాడు. పాతికేళ్ళలో మొదటిసారి.

నువ్వు మర్చిపోయి వెళ్ళిన ఆ ప్రూఫు పేజీ, మర్చిపోయావో వదిలి వెళ్ళావో, కొట్లో కళ్ళు పరీక్షించే అక్షరాల అట్ట పక్కన అంటించాడు మీ బావ. వచ్చినవాళ్ళు ఇదేమిటని అడుగుతారు. చిన్న అక్షరాల వరస అంటాడు. నిన్న కుర్చీలో కూర్చుని, ఎడమ కన్ను మూసుకుని, కుడి కంటితో చూశాను. పెరెండినేట్ కనపడింది. ఎల్లుండి కనపడింది. నీలం గీత కనపడింది. దాని కింద 'అవును'. అవును కింద చుక్కలు, ఒకటి, రెండు, మూడు, నాలుగు.

సాయంత్రం డాక్టరు అడిగాడు, ఎడమ కన్ను ఎప్పుడు చేద్దామని. "ఎ..." అని నోటి దాకా వచ్చింది. మీ బావ తిరిగి చూశాడు. "ఎప్పుడైనా సరేనండీ, మీరే వేయండి తారీఖు" అన్నాను.

మీ ఇద్దరిదీ ఏ తారీఖో వెంటనే రాయి. ఎర్ర సిరాతో. సున్నా చుట్టకుండా.

అక్క